పాపసంకీర్తనం

మా నాయన గుడి లోపల ఎప్పుడూ డప్పు కొట్టలేదు. గుడి బయట మాత్రం నలభై ఏళ్ళకు పైనే కొట్టాడు.

గుడి అంటే మాకు చర్చే. మా వైపు కతోలికులు గుడి అనే అంటారు. దేవుణ్ణి సర్వేశ్వరుడు అంటారు, పారిష్‌ని విచారణ అంటారు, ఆదివారం ప్రార్థనని పూజ అంటారు. హైదరాబాద్ వచ్చిన కొత్తలో ఆఫీసులో "పొద్దున గుడికెళ్ళి, పూజ అయ్యాక వచ్చాను" అంటే "అదేంటి, నువ్వు క్రిస్టియన్ కదా!" అన్నారు. ఈ వరసలోనే ఇంకో మాట ఉంది. చేసిన తప్పుల్ని గురువు చెవిలో చెప్పుకుని క్షమాపణ అడగడాన్ని, బయటివాళ్ళు కన్ఫెషన్ అనేదాన్ని, మేము పాపసంకీర్తనం అంటాం. చిన్నప్పట్నుంచీ వారం వారం వాడిన మాట. అందులో సంకీర్తనం ఉందని, అంటే పాట ఉందని, నాకు ముప్ఫయ్యేళ్ళు వచ్చేదాకా తట్టలేదు. ఇప్పుడు నేను రాస్తున్నది రెండర్థాల్లోనూ అదే. ఒక పాట గురించి, ఒక తప్పు గురించి.

*

మాది గుంటూరు జిల్లాలో ఒక ఊరు. అటువైపు కతోలికం గురించి తెలియని వాళ్ళకి ఒక సంగతి ముందే చెప్పాలి. అక్కడ 18వ శతాబ్దం నుంచీ కతోలికులుగా ఉన్న రెడ్డి, కమ్మ కుటుంబాలున్నాయి. తెలుగులో క్రీస్తు కథని ప్రబంధం పద్ధతిలో చెప్పిన మంగళగిరి ఆనందకవి 'వేదాంత రసాయనం' కూడా ఆ శతాబ్దానిదే. మాలలూ మాదిగలూ ఆ తరవాత వచ్చారు. ఒకే జ్ఞానస్నానం, ఒకే పూజ, వేరే వేరే వీధులు. మాది మాదిగపల్లె. గుడిలో ముందు పరిచిన చాపలు ఎవరివో, వెనక ఉత్త బండలు ఎవరివో ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలుసు. నా చిన్నప్పటికి అది చాలావరకు పోయింది. చాలావరకు.

పాట మాత్రం అందరూ కలిసే పాడేవాళ్ళు. ముందు చాపల మీద నుంచి లేచిన పల్లవిని వెనక బండల మీద వాళ్ళు అందుకునేవాళ్ళు. నిజం చెప్పాలంటే వెనకవాళ్ళే గట్టిగా పాడేవాళ్ళు.

కతోలిక పూజలో ఒక్కో పాటకి ఒక్కో చోటుంటుంది. గురువు లోపలికి నడిచి వచ్చేటప్పుడు ప్రవేశ గీతం. మొదటి పఠనం తరవాత కీర్తన. సువార్తకి ముందు అల్లెలూయా. అప్పాన్నీ ద్రాక్షరసాన్నీ పీఠం దగ్గరికి తెచ్చేటప్పుడు అర్పణ గీతం. సత్ప్రసాదం పంచేటప్పుడు ఒకటి, చివర్లో ఒకటి. ఇక్కడ పాట కచేరీ కాదు. మనుషులు నడుస్తుంటే, వంగుతుంటే, నాలుక మీద అప్పం కరుగుతుంటే పక్కనే ఉండి తోడు నడవాలి. సత్ప్రసాదం పంచడం ముందే అయిపోతే పాటని ఎక్కడో ఒకచోట ముగించెయ్యాలి. వరస ఇంకా మిగిలి ఉంటే పల్లవి మళ్ళీ ఎత్తుకోవాలి. ఎక్కడ ఆపాలో తెలిసినవాళ్ళే బాగా పాడేవాళ్ళు అని మా ఉపదేశి గారు అనేవారు. అప్పట్లో ఆ మాట నాకు పట్టలేదు.

మా అమ్మకి చదువు రాదు. ఎన్ని పాటలు వచ్చో ఆమెకే లెక్క తెలీదు. క్రిస్మస్‌కి ముందు నెలరోజులు, రాత్రి అన్నాలయ్యాక ఉపదేశి గారు గుడి వసారాలో కూర్చుని లైను లైనుగా చెప్పేవారు, ఆడవాళ్ళు తిరిగి పాడేవాళ్ళు. మూడో రాత్రికి అమ్మకి పాటంతా నోటికి వచ్చేసేది. కొన్ని మాటలు మారిపోయేవి. సర్వేశ్వరుడు ఆమె నోట్లో సర్వేసురుడయ్యేవాడు. అర్థం తెలియని సంస్కృత సమాసాలు సగం విరిగి, మా పల్లె మాటల్లా మారి బయటికొచ్చేవి. బోర్డింగు నుంచి సెలవలకి వచ్చినప్పుడు నేను దిద్దేవాణ్ణి. "అట్టాగే లేరా, ఆయనకి తెలవదా" అనేది.

గుడిలో అప్పట్లో ఒక హార్మోనియం, ఒక జత తాళాలు, ఎవరైనా వాయించేవాళ్ళు దొరికిన రోజు తబలా. తబలా దొరకని రోజు, అంటే దాదాపు ప్రతి ఆదివారం, పాటకి దరువు అమ్మ తొడ మీద నుంచి వచ్చేది. కుడి అరచేయి తొడ మీద చప్పుడు కాకుండా పడేది. చుట్టుపక్కల ఆడవాళ్ళు ఆ చేతిని చూసి పాడేవాళ్ళు. ఆ దరువు ఎక్కడిదో నాకు తెలుసు. ఇంట్లో నాయన కొట్టేదే.

*

డప్పు దగ్గరగా చూడని వాళ్ళ కోసం చెప్తున్నాను. వంచిన చెక్క చట్రానికి మేకతోలు బిగిస్తారు. చింతగింజల జిగురుతో అంటిస్తారు. ఒక చేతిలో సన్నగా పొడుగ్గా చిటికెన పుల్ల, ఇంకో చేతిలో లావుగా పొట్టిగా సిర్ర. తోలు చల్లబడితే వదులైపోయి బద్ధకంగా పలుకుతుంది, అందుకని కొట్టేముందు మంట దగ్గర కాచాలి. నాయన ఎండుతాటాకు మంట వేసి, డప్పుని అటూ ఇటూ తిప్పుతూ, మధ్యమధ్యలో వేలితో తట్టి చూసేవాడు. మంచం మీద ఉన్న మనిషి నుదురు పట్టుకుని జ్వరం చూసినట్టు ఉండేది. ఒక చోట ఆగి, "అయ్యింది" అనేవాడు. నాకు ముందుకీ ఇప్పటికీ తేడా తెలిసేది కాదు.

మా ఊరి దేవమాత పండక్కి తేరు తిరిగేది. తేరు ముందు నాయనా, మా చిన్నాన్నా, ఇంకో ముగ్గురూ. రాత్రి పదింటికి గుడి దగ్గర బయలుదేరి అన్ని వీధులూ తిరిగి తెల్లారుజామున తిరిగొచ్చేది. పాట, డప్పు, మళ్ళీ పాట. గుడి ప్రహరీ గేటు దగ్గరికి రాగానే డప్పులు ఆగిపోయేవి. గేటు లోపల గంటలు అందుకునేవి. ఎవరూ "ఆపండి" అనేవాళ్ళు కాదు. మా తాత అక్కడే ఆపేవాడట, అందుకని నాయనా అక్కడే ఆపేవాడు. డప్పుని గోడకి ఆనించి, తలగుడ్డ తీసి దులుపుకుని, లోపలికొచ్చి వెనక స్తంభం దగ్గర నిలబడేవాడు. చేతులు జోడించుకుంటే వేళ్ళకి మసి కనపడేది.

ఒకసారి, నాకు తొమ్మిదో పదో ఏళ్ళప్పుడు, అడిగాను. "లోపలెందుకు కొట్టవు నాయనా?"

"చావుకి కొట్టేది గదరా. పీఠం ముందర కొట్టకూడదు."

ఎంతో కాలం ఆ జవాబు నాకు సరిపోయింది. పీఠం ముందర మేము ప్రతి ఆదివారం తలుచుకునేది ఒక చావునే కదా అని అప్పుడు తోచలేదు.

*

నేను ఏడో తరగతి నుంచి టౌన్లో మిషను బోర్డింగులో చదివాను. అక్కడ ఒక సిస్టరు గారు కీబోర్డు నేర్పారు. నేను తొమ్మిదిలో ఉండగా మా విచారణకి కూడా ఒక క్యాసియో వచ్చింది. పెద్దవీధి వాళ్ళబ్బాయి అమెరికా నుంచి పంపాడు. దాన్ని వాయించడం ఊళ్ళో ఎవరికీ రాదు, నాకు తప్ప. అలా మాదిగపల్లె కుర్రాడు పీఠానికి ఎడమవైపు, ముందు చాపలకన్నా ముందు, స్టూలు వేసుకుని కూర్చున్నాడు. మొదటి ఆదివారం అమ్మ కొత్త చీర కట్టుకొచ్చింది.

నాయన పూజ అయిపోయాక దగ్గరికొచ్చి చూశాడు. చేత్తో ముట్టుకోలేదు.

"తాళం ఎవరేస్తార్రా?"

"అదే వేస్తుంది నాయనా." మీట నొక్కాను. తబలా దరువు మొదలైంది.

"అదే ఏస్తదా!" అని నవ్వాడు. కాసేపు తల ఊపుతూ విని, "అలుపు రాదేమో దానికి" అన్నాడు.

దానికి అలుపు రాదు. అదే దాని గుణం, అదే దాని ఇబ్బంది. గురువుగారు మెల్లగా నడిచినా, ముసలావిడ మోకాళ్ళ మీద నుంచి లేవడానికి సమయం పట్టినా అది ఆగదు. జనం దాని వెంట పరిగెత్తాలి. నెల తిరిగేసరికి వెనక బండల మీద గొంతులు తగ్గాయి. మైకులో నలుగురం పాడుతుంటే మిగతావాళ్ళు వినడం మొదలుపెట్టారు. "పాటలు బాగుంటున్నాయి" అని అందరూ మెచ్చుకున్నారు. నాకూ అలాగే అనిపించింది.

*

2003 పాస్కా జాగరణ. నాకు పదిహేనేళ్ళు. పదో తరగతి పరీక్షలు రాసి ఇంటికొచ్చాను.

కతోలికుల సంవత్సరంలో అన్నిటికన్నా పెద్ద రాత్రి అది. తపస్సు కాలం నలభై రోజులూ గ్లోరియా, అంటే మహిమ గీతం, పాడం. పవిత్ర గురువారం సాయంత్రం ఒక్కసారి గంటలు మోగిస్తూ పాడతాం. ఆ క్షణం నుంచి గంటలు మూగబోతాయి. శుక్రవారం గంట బదులు చెక్క గిలక తిప్పుతారు. శనివారం రాత్రి గుడి బయట, చీకట్లో, కొత్త నిప్పు రాజేస్తారు. గురువు ఆ నిప్పుని ఆశీర్వదించి, దాన్నుంచి పాస్కా కొవ్వొత్తి వెలిగించి, చీకటి గుడిలోకి నడుస్తారు. ఆ వెలుగు చేతి నుంచి చేతికి కొవ్వొత్తుల మీదుగా పాకుతుంది. తరవాత పాత నిబంధన పఠనాలు, సృష్టి నుంచి. అవన్నీ అయ్యాక గ్లోరియా. అప్పుడు గంటలన్నీ ఒక్కసారిగా మోగుతాయి. మా ఊళ్ళో ఆ క్షణంలోనే లైట్లన్నీ వేసేవాళ్ళు.

పూజ అయ్యాక ఉత్థాన క్రీస్తు స్వరూపంతో ఊరేగింపు ఉంటుంది కాబట్టి నాయన డప్పు తెచ్చుకున్నాడు. అందరం లోపలికి వెళ్ళాక, ఆశీర్వదించిన ఆ మంటని ఆరిపోకుండా చూసుకుంటూ బయటే ఉండిపోయాడు. తోలు కాచుకోవాలిగా. తెరిచిన తలుపుల్లోంచి నాకు మంటా, దాని పక్కన వంగిన మనిషీ కనపడుతూనే ఉన్నారు.

ఏడు పఠనాలున్నా కొన్ని తగ్గించి చదవచ్చు. మూడోది మాత్రం వదలకూడదు. ఇశ్రాయేలు ప్రజలు సముద్రం దాటిన కథ. నిర్గమకాండం 14వ అధ్యాయంలో మొదలై 15వ అధ్యాయం మొదటి వచనంతో ముగుస్తుంది. తరవాత అదే అధ్యాయంలోని మోషే పాటలోంచి కొన్ని చరణాలు పాడతాం. అదే అధ్యాయం 20వ వచనంలో మోషే అక్క మిర్యాము చేతిలోకి ఒక వాయిద్యం తీసుకుంటుంది, ఆడవాళ్ళందరూ వాయిస్తూ ఆడుతూ ఆమె వెంట వెళ్తారు. హీబ్రూలో దాని పేరు తోఫ్. చట్రానికి తోలు బిగించిన వాయిద్యం. అరబీలో దఫ్. మన నోటికి ఇది కొత్త మాట కాదు. కానీ పూజలో పఠనం ఆ వచనం దాకా రాదు. పాటా రాదు. ఇదంతా నేను చాలా తరవాత చదువుకున్నాను. ఆ రాత్రి నాకు తెలిసిందల్లా ఎన్ని పేజీల తరవాత గ్లోరియా వస్తుందో లెక్కపెట్టుకోవడం.

వచ్చింది. గురువుగారు ఎత్తుకున్నారు. గంటలు మోగాయి. ఎవరో మెయిన్ వేశారు. ట్యూబులైట్లు, సీరియల్ సెట్లు, ఫ్యాన్లు, యాంప్లిఫయర్, కీబోర్డు, అన్నీ ఒక్కసారి. మొదటి లైను పూర్తి కాకుండానే ఫ్యూజు ఎగిరిపోయింది.

చీకటి. నా వేళ్ళ కింద కీబోర్డు చచ్చిపోయింది. మైకు పోయింది. ముందు చాపల మీద పాట ఆగింది.

వెనక నుంచి అమ్మ గొంతు వచ్చింది. ఆగకుండా, ఏమీ జరగనట్టు. దాని చుట్టూ ఇంకో పది గొంతులు. ఆ వెంటనే బయట నుంచి డప్పు.

తేరు ముందు కొట్టే దరువు కాదది. చాలా తగ్గించి, పాట కింద చెయ్యి పెట్టి లేపినట్టు. అమ్మ ఊపిరి తీసుకునే చోట ఒక దెబ్బ ఖాళీ వదిలిపెడుతున్నాడు. రెండో లైనుకి గుడంతా లేచింది. ముందు చాపలు కూడా. నలభై రోజులు నోరు కట్టేసుకున్న జనం కదా. కొవ్వొత్తుల వెలుగులో నోళ్ళు తప్ప ఏమీ కనపడటం లేదు. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆ రాత్రి ఆ గుడిలో పాడనివాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటా.

నా పక్కన కొవ్వొత్తి పట్టుకుని నిలబడ్డవాడు నా క్లాస్‌మేట్, పెద్దవీధి వాడు. వంగి నా చెవిలో అన్నాడు: "కొట్టేది మీ నాయనేరా?"

వాడు నవ్వాడో లేదో ఇప్పుడు నాకు ఖచ్చితంగా గుర్తులేదు. నవ్వాడనే ఇన్నేళ్ళు అనుకున్నాను.

ఎవరో ఫ్యూజు తీగ వేశారు. కరెంటు వచ్చింది. పాట ఇంకా సాగుతూనే ఉంది, డప్పూ సాగుతూనే ఉంది. ఆ కీబోర్డు కరెంటు పోయి వస్తే దానంతట అది మోగదు. ముందు పవర్ మీట నొక్కాలి. తరవాత దరువు నంబరు నొక్కాలి. తరవాత స్టార్ట్. చెయ్యి జారి పొరపాటున నొక్కాను అనడానికి వీల్లేదు. పేతురు మూడుసార్లు బొంకాడని పవిత్ర వారంలో చదువుతాం. నేను మూడు మీటలు నొక్కాను.

స్పీకర్లలోంచి తబలా దరువు గుడి నిండా కొట్టింది. ఒక లైను సేపు రెండూ కలిసి మోగాయి. తరవాత బయట డప్పు ఆగిపోయింది.

ఊరేగింపులో నాయన మామూలుగానే కొట్టాడు. నేను వెనకెక్కడో నడిచాను. ఇంటికొచ్చాక అమ్మ "గ్లోరియా బలే కుదిరిందిరా" అంది. ఏ సగం అని నేను అడగలేదు.

*

తరవాత ఇంజనీరింగు, హైదరాబాద్, ఉద్యోగం. చదువు మొత్తానికీ నా సర్టిఫికెట్‌లో బీసీ-సీ అని ఉంది. మతం మారితే ఎస్సీ జాబితాలోంచి తీసేస్తారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో మొదట హిందువులే ఉండేవాళ్ళు. 1956లో సిక్కులు, 1990లో బౌద్ధులు చేరారు. క్రైస్తవులు ఇప్పటికీ లేరు. కాగితం మీద నేను మాదిగని కాదు. నా చెవిలో ఆ రాత్రి పడిన ప్రశ్నకి మాత్రం ఆ కాగితం సంగతి తెలీదు.

ఆ రాత్రికి ఎక్కడైనా ఒక సమర్థన దొరుకుతుందేమోనని కొన్నాళ్ళు చర్చి పత్రాలు చదివాను. దొరికింది కూడా. 1903 నవంబర్ 22న, సంగీతకారుల పునీతురాలైన సిసిలియమ్మ పండగ రోజున, పదో పయస్ పోపుగారు పవిత్ర సంగీతం మీద ఒక ఉత్తర్వు ఇచ్చారు. పియానో గుడిలో నిషేధం. డ్రమ్ములు, తాళాల లాంటి రొద చేసే వాయిద్యాలూ నిషేధం. 1963 డిసెంబర్ 4న రెండో వాటికన్ మహాసభ తలుపు కొంచెం తీసింది. పైపు ఆర్గాన్‌కి గౌరవస్థానం ఇస్తూనే, పవిత్ర వినియోగానికి తగినవైతే, గుడి గౌరవానికి సరిపడేవైతే వేరే వాయిద్యాలూ రావచ్చంది. మిషన్ దేశాల్లో ప్రజల సొంత సంగీతానికి తగిన విలువ ఇవ్వాలంది. మా అమ్మ తెలుగులో పూజ వినగలిగిందంటే ఆ పత్రం వల్లే. అంతకుముందు మా నాయనమ్మ కాలంలో అంతా లాటినే.

1967లో వచ్చిన ఇంకో పత్రం ఒక గీత గీసింది. జనసామాన్యం అభిప్రాయంలో, వాడుకలో, లౌకిక సంగీతానికి మాత్రమే పనికొచ్చే వాయిద్యాలు పూజలోకి రాకూడదు. ఈ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. జనసామాన్యం అంటే ఎవరు? ముందు చాపలా, వెనక బండలా?

పైగా ఆర్గాన్ మాత్రం మొదట్నుంచీ పవిత్రమా? రోమన్ల కాలంలో అది వినోదాల్లో మోగిన వాయిద్యం. తొలినాళ్ళ క్రైస్తవ గురువులు వాయిద్యాలన్నిటినీ అనుమానంగానే చూశారు. పశ్చిమ ఐరోపాలో ఆర్గాన్ గుడిలో స్థిరపడటానికి శతాబ్దాలు పట్టింది. మా గుడి హార్మోనియం కూడా ఐరోపా నుంచి వచ్చిందే. ఇది భారతీయ సంగీతానికి తగదని 1940 నుంచి 1971 దాకా ఆకాశవాణి దాన్ని పక్కన పెట్టింది. యోగ్యత అనేది వాయిద్యంతో పుట్టదు, ఎవరో ఇస్తారు. ఎవరో ఇవ్వకుండా ఆపుతారు.

తోలు అంటారా? తబలాదీ తోలే. మృదంగానికీ మేకతోలు, ఆవుతోలు, గేదెతోలు కావాలి. టి.ఎం. కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' పుస్తకంలో మృదంగాలు తయారుచేసే కుటుంబాల గురించి రాశాడు. పేరులోనే తెలుస్తోంది కదా, వాళ్ళలో ఎక్కువమంది తమిళ దళిత క్రైస్తవులు. వాళ్ళ చేతిలో తయారైన తోలు సభ లోపలికి వెళ్తుంది. వాళ్ళు వెళ్ళరు. అది చదివినప్పుడు మా గుడి గేటు కనపడింది.

*

హైదరాబాద్‌లో మా విచారణ పెద్దది. క్వయర్‌లో నేను కీబోర్డు, ఒక డిగ్రీ కుర్రాడు రోలాండ్ ఆక్టాపాడ్. దాంట్లో డప్పు శబ్దం కూడా ఉంది. క్రిస్మస్ రాత్రి వాడు ప్లాస్టిక్ పుల్లలతో రబ్బరు పలకల మీద డప్పు కొడితే జనం ఊగిపోయారు. "బీట్ అదిరింది" అన్నారు. పీఠానికి పది అడుగుల దూరంలో డప్పు మోగింది. ఎవరికీ అభ్యంతరం లేదు. నిప్పూ లేదు, మసీ లేదు, మనిషీ లేడు.

2022 ఆగస్టు 27న మా అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ గారు కార్డినల్ అయ్యారు. తొలి తెలుగు కార్డినల్, తొలి దళిత కార్డినల్. అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. నాకూ సంతోషంగానే ఉంది. భారత కతోలిక సంఘం నవంబర్‌లో దళిత విమోచన ఆదివారం కూడా జరుపుతుంది. ఒక ఏడాది ఆ ఆదివారం మా గుడిలో అర్పణ ఊరేగింపులో అప్పంతో, ద్రాక్షరసంతో పాటు ఒక డప్పు కూడా తెచ్చారు. పూలదండ వేసి. వ్యాఖ్యాత మైకులో దాని ప్రాముఖ్యం చదివింది. గురువుగారు రెండు చేతులతో అందుకుని పీఠం మెట్ల మీద పెట్టారు. పూజ అయ్యాక తీసుకెళ్ళిపోయారు. అంతసేపూ దాని మీద ఒక్క దెబ్బ పడలేదు.

ఫోన్లో నాయనకి చెప్పాను, గర్వంగానే. "కొట్టారా?" అన్నాడు. లేదన్నాను. "కొట్టకపోతే అది డప్పెందుకయితదిరా? చెక్కా తోలూ" అన్నాడు.

అంటే మేము రెండుసార్లు సగం సగం లోపలికి రానిచ్చాం. ఒకసారి డప్పు లేని శబ్దాన్ని, ఒకసారి శబ్దం లేని డప్పుని.

ఆ మధ్య ఒకసారి పాపసంకీర్తనంలో ఆ రాత్రి సంగతి చెప్పాను. తెరకి అవతల యువ గురువు కాసేపు ఏమీ అనలేదు. "ఇది ఏ ఆజ్ఞ కిందికి వస్తుంది?" అని మెల్లగా అడిగారు. "నాలుగోది ఫాదర్" అన్నాను. మా లెక్కలో తల్లిదండ్రుల్ని గౌరవించమనేది నాలుగో ఆజ్ఞ. "చిన్నపిల్లాడివి కదా అప్పుడు" అని, మూడు మంగళవార్త జపాలు ప్రాయశ్చిత్తం ఇచ్చారు. చెప్పుకున్నాను. బరువు దిగలేదు. క్షమించాల్సిన మనిషి తెరకి ఆ పక్కన లేడు.

*

పోయిన డిసెంబర్‌లో నాయనకి శుక్లాల ఆపరేషన్ అని హైదరాబాద్ తీసుకొచ్చాను. అమ్మ కూడా వచ్చింది. క్రిస్మస్ పూజకి వచ్చి మూడో బెంచీలో కూర్చున్నారు. ఆక్టాపాడ్ మీద డప్పు మోగినప్పుడు నేను వాయిస్తూనే నాయన వైపు చూశాను. కంటి మీద నల్లద్దాలు. తల కొంచెం పక్కకి వంచి వింటున్నాడు.

రాత్రి బాల్కనీలో కూర్చున్నప్పుడు అడిగాను. "ఎట్లా ఉంది నాయనా బీట్?"

"కుర్రాడు బానే కొడతన్నాడు. తోలే కాగలా."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు అండతోనే అడిగేశాను. ఆ ఈస్టర్ రాత్రి, ఫ్యూజు పోయింది, కరెంటు రాగానే నేను... గుర్తుందా?

"గుర్తెందుకు లేదూ." చేతిలో గ్లాసు కింద పెట్టాడు. "నువ్వు మిషను ఏశావు."

"నువ్వు ఆపేశావు."

"ఆపక? నీ మిషను అర దెబ్బ ముందర పోతంది. నాదొక దారి, దానిదొక దారి. మజ్జన మీ అమ్మ గొంతు తడబడింది. ఇంకో లైను అట్టాగే పోతే పాట పడిపోయ్యేది. ఎవురో ఒకరు ఆపాల గదా." కాసేపాగి అన్నాడు. "నీకప్పటికి ఆపడం రాదు."

ఇరవై ఏళ్ళుగా నేను ఆయన అవమానాన్ని మోస్తున్నాననుకున్నాను. ఆయన ఆ రాత్రి నా గురించి ఆలోచించలేదు, తన గురించీ ఆలోచించలేదు. పాట గురించి ఆలోచించాడు. గేటు బయట నిలబడిన మనిషికి, అమ్మ గొంతు ఎక్కడ తడబడిందో లోపల ఉన్న నాకన్నా ముందు తెలిసింది. పవిత్ర సంగీతానికి ఏ వాయిద్యం యోగ్యం అని నేను చదివిన పత్రాలన్నీ అడిగిన ప్రశ్నకి, జవాబు అంత దగ్గర్లో ఉంది. దానివల్ల నా తప్పు తగ్గలేదు. పెరిగింది. కానీ ఇప్పుడది మోయగలిగే బరువే.

అమ్మ లోపల్నుంచి "చల్లగా ఉంది, లోపలికి రాండి" అని పిలిచింది.

ఊళ్ళో ఇప్పుడున్న ఫాదర్ గారికి ఫోన్ చేశాను. ఈసారి పాస్కా జాగరణలో గ్లోరియాకి నాయన లోపల నిలబడి కొట్టడానికి ఒప్పుకుంటారా అని. "పెద్దలతో మాట్లాడాలి, చూద్దాం" అన్నారు. ఆ మాటే నాయనకి చెప్పాను. "ముందు తోలు మార్పియ్యాల" అన్నాడు. డబ్బులు పంపాను.

ఇక్కడ ఆక్టాపాడ్ కుర్రాడు పరీక్షలని రావడం లేదు. నేను దరువు మీట జోలికి పోవడం లేదు. మొదటి రెండు ఆదివారాలూ పాట ఎక్కడికక్కడ జారిపోయింది. క్వయర్‌లో వాళ్ళు విసుక్కున్నారు. మూడో ఆదివారం, సత్ప్రసాద గీతం మధ్యలో, ఐదో బెంచీ చివర ఒక పెద్దావిడ కనపడింది. కళ్ళు మూసుకుని పాడుతోంది. కుడిచెయ్యి తొడ మీద పడుతోంది, లేస్తోంది.

ఆవిడ చేతిని చూస్తూ వాయించాను.